కైరోలో జమాలెక్: నైలు మధ్య లంకను నడిచి చూడటం ఎలా?

కైరోలో పిరమిడ్లు, మ్యూజియాలు అయ్యాక ఒక రోజు మిగిలితే ఏం చేయాలని అడిగేవాళ్లకు నేను జమాలెక్ పేరు చెబుతాను. ఆ వెంటనే చాలామంది అడిగేది ఒకటే: "అక్కడ చూడాల్సినవి ఏమిటో లిస్టు ఇవ్వండి." లిస్టు పట్టుకుని వెళ్లినవాళ్లు క్యాబ్‌లో కైరో టవర్ దగ్గర దిగి, ఫొటోలు తీసుకుని, ఒక కేఫ్‌లో కూర్చుని, ఇంతేనా అనుకుంటూ వచ్చేస్తారు. జమాలెక్‌లో చూడాల్సింది వీధులు. వాటిని ఏ వరసలో, ఏ వేళప్పుడు నడవాలో తెలిస్తే రోజంతా హాయిగా గడుస్తుంది. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను.

## 1. ముందు మ్యాపు అర్థం చేసుకోండి

నైలు నదిలో ఉత్తరం నుంచి దక్షిణానికి సాగిన లంక ఇది. పొడవు సుమారు 4 కిలోమీటర్లు. లంక మొత్తాన్ని గెజీరా అంటారు. ఉత్తరాన ఇళ్లు, ఎంబసీలు, షాపులు ఉన్న భాగం జమాలెక్. ఒపెరా హౌస్, కైరో టవర్, తోటలు దక్షిణ భాగంలో ఉన్నాయి. ఈ రెండింటి నడుమ గెజీరా స్పోర్టింగ్ క్లబ్ మైదానాలు పరుచుకుని ఉంటాయి.

కొత్తవాళ్లను ఇబ్బంది పెట్టేది ఈ క్లబ్బే. మ్యాపులో పచ్చగా పార్కులా కనిపిస్తుంది కాబట్టి మధ్యలోంచి నడిచి వెళ్లిపోవచ్చనుకుంటారు. అది సభ్యుల క్లబ్. గోడ వెంట చుట్టూ తిరిగి రావాల్సిందే. ఎండలో ఆ నడక ఒళ్లు హూనం చేస్తుంది, దారిలో చూడటానికి కూడా పెద్దగా ఏమీ ఉండదు. అందుకే ఉత్తరం ఒక పూట, దక్షిణం ఒక పూట అని విడగొట్టుకోండి. ఈ ప్లాన్‌కు అదే పునాది.

దారి తప్పకుండా ఉండటానికి మూడు గుర్తులు చాలు. లంకను తూర్పు పడమరలుగా కోసే 26 జులై వీధి మొదటిది. దాని నెత్తిన 15 మే ఫ్లైఓవర్ ఉంటుంది కాబట్టి ఎక్కడి నుంచైనా పోల్చుకోవచ్చు. రెండోది తూర్పు ఒడ్డున మారియట్ హోటల్. మూడోది కైరో టవర్: 187 మీటర్ల ఎత్తు, తామర కాడ లాంటి జాలీ పనితనం. టవర్ ఏ వైపు కనిపిస్తే దక్షిణం అటే.

## 2. ఏ రోజు, ఏ నెల

అక్టోబరు నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా నడవడానికి బాగుంటుంది. వసంతంలో కొన్ని రోజులు ఎడారి నుంచి ఖమాసీన్ అనే దుమ్ము గాలి వీస్తుంది. ఆ రోజు టవర్ ఎక్కడం దండగ, ఏమీ కనపడదు.

ఈజిప్టులో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. శుక్రవారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉంటాయి, ఫొటోలకు అంతకంటే మంచి సమయం లేదు. కానీ చాలా గ్యాలరీలు ఆ రోజు తెరవవు, షాపులు కూడా మధ్యాహ్నం నమాజు అయ్యాకే ఊపందుకుంటాయి. నా ఓటు శనివారానికే. ఆఫీసుల రద్దీ ఉండదు, షాపులు తెరిచి ఉంటాయి. ఆదివారం నుంచి గురువారం వరకు వెళ్తే మధ్యాహ్నం తర్వాత 26 జులై వీధిలో ట్రాఫిక్ కదలదని ముందే అనుకోండి.

రంజాన్ నెలలో అయితే వరస తలకిందులు చేయండి. పగలు కేఫ్‌లు చాలావరకు మూసి ఉంటాయి. ఇఫ్తార్ అయ్యాక రాత్రి పొద్దుపోయేదాకా వీధులన్నీ జనంతో కళకళలాడతాయి.

## 3. బయల్దేరే ముందు చెక్‌లిస్టు

- అరికాలు మందంగా ఉన్న బూట్లు. ఇక్కడి ఫుట్‌పాత్ అంచులు బాగా ఎత్తు, చెట్ల వేర్లు రాళ్లను పైకి లేపేసి ఉంటాయి. చెప్పులతో కష్టం.
- చిన్న నోట్లు: 5, 10, 20 పౌండ్లు. పెద్ద నోటుకు చిల్లర లేదనే మాట రోజంతా వింటారు.
- పాస్‌పోర్ట్ ఫొటోకాపీ, ఫోన్‌లో దాని ఫొటో.
- ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాపు.
- సీసా నీళ్లు. కుళాయి నీళ్లు తాగకండి.
- రాత్రి ఒపెరా మెయిన్ హాల్‌లో ప్రోగ్రామ్ చూడాలనుకుంటే మగవాళ్లకు కోటు, టై. లేకపోతే లోపలికి పంపరు.
- డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. అనుమతి లేకుండా ఈజిప్టులోకి తేవడం నిషేధం, కస్టమ్స్‌లోనే తీసేసుకుంటారు.

ఇంకో పది నిమిషాలు పెట్టి అరబిక్ అంకెలు నేర్చుకోండి. పాత భవనాల మీద ఇంటి నంబర్లు వాటిలోనే ఉంటాయి. 1, 9 మనకు తెలిసినట్టే ఉంటాయి. సున్నాను చుక్కగా రాస్తారు. మనకు సున్నాలా కనిపించేది 5. మన 7లా కనిపించేది 6. గరాటులా పైకి తెరుచుకున్నది 7, దాన్ని బోర్లిస్తే 8. నాలుగు, మన 3ను అద్దంలో చూసినట్టుంటుంది. నిలువు గీతకు పైన ఒక కొక్కెం ఉంటే 2, రెండు ఉంటే 3. ఎక్కువమంది తప్పుగా చదివేది 5నే. 15వ నంబరు ఇల్లు కళ్లెదుట ఉన్నా పదో నంబరనుకుని దాటిపోతుంటారు.

## 4. లంకకు చేరుకోవడం

మెట్రో అన్నిటికంటే తేలిక. మూడో లైన్‌లో జమాలెక్ స్టేషన్ పేరు సఫా హెగాజీ, 2022లో తెరిచారు. "జమాలెక్" అని వెతికితే స్టేషన్ పేరు దొరకకపోవచ్చు, గుర్తుపెట్టుకోండి.

తహ్రీర్ స్క్వేర్ నుంచి వచ్చేవాళ్లు:

1. సాదాత్ స్టేషన్‌లో మొదటి లైన్ ఎక్కి, ఒక్క స్టేషన్ తర్వాత నాసర్‌లో దిగండి.
2. నాసర్‌లో మూడో లైన్‌కు మారి, పడమర వైపు వెళ్లే ఏ రైలైనా ఎక్కండి. లైన్ రెండుగా చీలేది కిట్‌కాట్ దాటాకే, కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.
3. మాస్పెరో తర్వాతది సఫా హెగాజీ.

టికెట్ పారేయకండి, బయటికి వచ్చే గేటుకూ అదే కావాలి. మధ్య బోగీలు ఆడవాళ్లకు కేటాయించినవి. కుటుంబంతో వెళ్తే మగవాళ్లు చూసుకుని ఎక్కాలి.

ఊబర్‌లో వస్తే దిగే చోటుగా భవనం పేరు కాకుండా ఒక వీధి మూల పెట్టండి. జమాలెక్‌లో వన్‌వేలు ఎక్కువ. ఎదురుగా కనిపిస్తున్న చోటికి చేరడానికి కారు లంకంతా తిరిగి రావచ్చు. తెల్ల ట్యాక్సీ ఎక్కితే మీటరు వేశాడో లేదో కూర్చోగానే చూడండి. వేయనంటే దిగి ఇంకో ట్యాక్సీ చూసుకోవడమే మేలు. "అలా గంబ్" అంటే పక్కకు ఆపమని, "యమీన్" కుడి, "షిమాల్" ఎడమ. ఈ మూడు మాటలతో పని జరిగిపోతుంది.

## 5. ఉదయం పూట: ఉత్తరాన జమాలెక్

ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య మొదలుపెట్టండి. అంతకు ముందు షాపులు తెరవవు. పదకొండు దాటితే కార్లు ఫుట్‌పాత్‌ల మీదికి కూడా ఎక్కేస్తాయి.

మొదటి అడుగు. స్టేషన్ బయట ఇస్మాయిల్ మొహమ్మద్ వీధి. ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఈ వీధిలోనే ఉంది. బొమ్మల అట్టలు చంకన పెట్టుకుని వెళ్లే విద్యార్థులు కనిపిస్తారు. అక్కడి నుంచి పడమరకు నడిచి నది ఒడ్డుకు చేరండి.

రెండో అడుగు. ఒడ్డు వెంట ఉన్నది అబుల్ ఫిదా వీధి. పొద్దున ఇక్కడ నీడ ఉంటుంది, ఎండ అవతలి ఒడ్డు మీద పడుతుంది. గాయని ఉమ్ కుల్సూమ్ ఇల్లు ఈ వీధిలోనే ఉండేది. దాన్ని కూల్చి హోటల్ కట్టారు. విగ్రహం ఒకటి మిగిలింది. ఆమె మ్యూజియం వేరే లంకలో ఉంది, ఆ సంగతి కింద పొరపాట్లలో చెబుతాను.

మూడో అడుగు. ఒడ్డు వెంటే దక్షిణానికి వస్తే ఫ్లైఓవర్ కింద సాకియా కనిపిస్తుంది. ఎల్ సావీ కల్చర్ వీల్ అన్నది పూర్తి పేరు. 2003లో వంతెన కింది ఖాళీ జాగాను సంగీతం, నాటకాల వేదికగా మార్చారు. పగలు పెద్దగా ఏమీ ఉండదు, కానీ ఆ నెల ప్రోగ్రామ్ వివరాలు గేటు దగ్గర చూసుకోండి. ఒపెరాకు కోటు, టై తెచ్చుకోనివాళ్లకు రాత్రి కార్యక్రమం ఇక్కడే దొరుకుతుంది.

నాలుగో అడుగు. ఇక 26 జులై వీధిలో తూర్పుకు. పైన ఫ్లైఓవర్, కింద దుకాణాలు, చెవులు హోరెత్తే హారన్లు. ఇక్కడ ఎక్కువసేపు ఉండక్కర్లేదు. దివాన్ పుస్తకాల షాపు, పాత సిమండ్స్ కేఫ్ ఈ వీధివే. కాఫీ తాగి, ఎడమకు తిరిగి బ్రెజిల్ వీధిలోకి వెళ్లండి. సఫర్‌ఖాన్, జమాలెక్ ఆర్ట్ గ్యాలరీ లాంటి ప్రైవేటు గ్యాలరీలు అక్కడే ఉన్నాయి. ప్రవేశం ఉచితం. కొనాలన్న ఉద్దేశం లేకపోయినా నిరభ్యంతరంగా వెళ్లి చూడొచ్చు.

ఐదో అడుగు. మళ్లీ 26 జులై వీధి పట్టుకుని తూర్పు ఒడ్డుకు. వంతెన పక్కనే ఆయిషా ఫహ్మీ ప్యాలెస్ ఉంది. ప్రభుత్వం నడిపే ఆర్ట్ సెంటర్ అది, మరమ్మతుల తర్వాత 2017లో మళ్లీ తెరిచారు. ఎగ్జిబిషన్ జరుగుతున్నప్పుడే లోపలికి పంపుతారు. జరుగుతుంటే మాత్రం తప్పక వెళ్లండి. గోడల మీది బొమ్మల కంటే ఆ గదుల చెక్కపని, పైకప్పు, నది వైపు కిటికీలు చూస్తూ ఎక్కువసేపు ఉండిపోతారు. నాకు లంక మొత్తంలో ఎక్కువ ఇష్టమైన ఇల్లు అదే.

ఈ ప్యాలెస్ ఉన్న అజీజ్ అబాజా వీధిలోనే మన భారత రాయబార కార్యాలయం కూడా ఉంది. పాస్‌పోర్ట్ పోతే ముందు పోలీసు రిపోర్టు తీసుకుని తర్వాత అక్కడికి వెళ్లాలి. వీధి పేరు గుర్తుంటే కంగారు తగ్గుతుంది.

ఆరో అడుగు. ఒడ్డు వెంట దక్షిణానికి కొంచెం నడిస్తే మారియట్. దాని మధ్య భాగం 1869లో సూయజ్ కాలువ ప్రారంభోత్సవానికి వచ్చే అతిథుల కోసం అప్పటి ఈజిప్టు పాలకుడు ఖెదీవ్ ఇస్మాయిల్ కట్టించిన ప్యాలెస్. హోటల్‌లో దిగకపోయినా తోటలోని కేఫ్‌లో కూర్చోవచ్చు. గేటు దగ్గర బ్యాగులు స్కాన్ చేస్తారు. ఖరీదు ఎక్కువే. కానీ మధ్యాహ్నం ఎండ తప్పించుకోవడానికీ, శుభ్రమైన టాయిలెట్‌కూ ఈ చుట్టుపక్కల ఇంతకంటే మంచి చోటు లేదు.

## 6. పాత భవనాల లోపల చూడాలంటే

జమాలెక్ అసలు సొగసు భవనాల వాకిళ్లలో ఉంది. బయటి నుంచి దుమ్ము కొట్టుకుపోయి కనిపించే అపార్ట్‌మెంటులోకి ఒక్క అడుగు వేస్తే నల్ల తెల్ల గళ్ల నేల, అరిగి మధ్యలో గుంట పడిన పాలరాతి మెట్లు, వాటి నడుమ ఇనుప జాలీ లోపల చెక్క లిఫ్టు. లిఫ్టుకు రెండు తలుపులు: బయట జాలీ తలుపు, లోపల రెండు రెక్కల చెక్క తలుపు. లోపలి రెక్కలు సరిగా మూయకపోతే అది కదలదు. పక్కన గోడకు ఇత్తడి మూతల పోస్టు డబ్బాలు, వాటి మీద సగం చెరిగిన పేర్లు.

ఇవి చూడాలంటే బవ్వాబ్ అనుమతి కావాలి. బవ్వాబ్ అంటే వాకిట్లో బెంచీ మీద కూర్చుని భవనం బాగోగులు చూసుకునే వాచ్‌మన్. ఇది వాళ్ల ఇంటి గడప అని గుర్తుంచుకుని ఈ వరసలో వెళ్లండి:

1. కెమెరా, ఫోన్ లోపల పెట్టేయండి.
2. "సలాము అలైకుమ్" అని పలకరించండి.
3. "ముమ్కిన్ అత్‌ఫర్రగ్?" అనండి. కాస్త చూడొచ్చా అని అర్థం.
4. ఒప్పుకుంటే వాకిలి వరకే. మెట్లు ఎక్కకండి.
5. ఫొటో తీయాలంటే మళ్లీ అడగండి.
6. వచ్చేటప్పుడు ఒక చిన్న నోటు చేతిలో పెట్టి "షుక్రన్" చెప్పండి.

వద్దంటే వాదించకండి. నాలుగు గుమ్మాల అవతల ఇంకో భవనం ఉంటుంది.

## 7. శాకాహారులకు

మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. నిశ్చింతగా ఉండండి, కైరోలో శాకాహారికి పస్తు తప్పదన్నది వట్టి మాట.

కోషరీ అడగండి: అన్నం, మసూర్ పప్పు, మాకరోనీ, శనగలు, టమోటా సాస్, పైన కరకరలాడే ఉల్లిపాయలు. ఇంకా కారం కావాలంటే "షత్తా" అడిగితే ఎర్రటి సాస్ ఇస్తారు. తామెయ్యా అంటే బాకలా గింజలు (ఫావా బీన్స్) రుబ్బి కొత్తిమీరతో వేసిన వడ. ఫూల్ అదే గింజలను మెత్తగా ఉడికించిన కూర. 26 జులై వీధిలోని జూబా రెస్టారెంట్‌లో ఇవన్నీ దొరుకుతాయి.

బాగా పనికొచ్చే మాట "సియామీ". కాప్టిక్ క్రైస్తవులు ఉపవాస రోజుల్లో తినే భోజనం అది. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కొన్ని ఉపవాసాల్లో చేపకు అనుమతి ఉంటుంది కాబట్టి "సమక్ లా" అని కలపండి.

"లహ్మా లా" అని ఊరుకుంటే సరిపోదు. లహ్మా అంటే వాళ్లకు మేక, గొడ్డు మాంసమే, కోడి అందులోకి రాదు. "లహ్మా లా, ఫిరాఖ్ లా" అనాలి. మొలొఖియ్యా ఆకుకూరే అయినా మామూలుగా కోడి రసంతోనే వండుతారు. పప్పు సూప్ కూడా అడిగి తాగండి.

## 8. సాయంత్రం పూట: దక్షిణ భాగం

మారియట్ నుంచి టవర్ వరకు నడిచేద్దామని ఉత్సాహపడకండి. మెట్రోలో సాదాత్‌కు వెనక్కి వచ్చి, తహ్రీర్ వైపు నుంచి కస్ర్ అల్ నీల్ వంతెన మీద నడుస్తూ లంకలోకి రావడం మేలు. వంతెన రెండు చివర్లా కంచు సింహాలు. పూలు, వేయించిన పల్లీలు అమ్మేవాళ్లు, పడవలో తిప్పుతామనేవాళ్లు వెంటపడతారు. ఆగకుండా నవ్వుతూ "లా, షుక్రన్" అంటే చాలు. పూవు చేతిలోకి తీసుకుంటే మాత్రం డబ్బు ఇవ్వాల్సిందే.

సూర్యాస్తమయానికి మూడు గంటల ముందు వంతెన మీద ఉండేలా లెక్క వేసుకోండి. డిసెంబరులో ఐదుకే పొద్దుగూకుతుంది, అంటే రెండు గంటలకే బయల్దేరాలి.

వంతెన దిగగానే ఈజిప్టు స్వాతంత్ర్యోద్యమ నాయకుడు సాద్ జగ్లూల్ విగ్రహం. దాన్ని చెక్కినది మహ్మూద్ ముఖ్తార్. ఇంకొంచెం పడమరకు వెళ్తే ఆయన మ్యూజియం ఉంది. వాస్తుశిల్పి రమ్సెస్ విస్సా వాసెఫ్ డిజైన్ చేసిన చిన్న భవనం, 1962లో తెరిచారు. ఊరి ఆడవాళ్లు కుండ ఎత్తుకోవడం, గాలికి ఎదురు నడవడం, అలసి కూర్చోవడం ఇవే ఆయన శిల్పాలకు వస్తువు. "ఖమాసీన్ గాలి" అన్న శిల్పం దగ్గర కాసేపు నిలబడండి. దుమ్ము గాలికి బట్టలు ఒంటికి అతుక్కుపోయి, తల దించుకుని నడుస్తున్న స్త్రీ. ప్రక్కల నుంచి కూడా చూస్తేనే ఆ గాలి వేగం తెలుస్తుంది. జనం తక్కువ కాబట్టి ఆ తీరిక దొరుకుతుంది.

రోడ్డు అవతల ఒపెరా హౌస్ ప్రాంగణం. జపాన్ సాయంతో కట్టి 1988లో తెరిచారు. మోడర్న్ ఆర్ట్ మ్యూజియం కూడా ఈ ఆవరణలోనే ఉంది. రాత్రి ప్రోగ్రామ్‌కు టికెట్ ముందే కొనుక్కుని, తర్వాత టవర్‌కు వెళ్లండి.

టవర్ దగ్గరకు సూర్యాస్తమయానికి గంటన్నర ముందే చేరాలి. అందరూ అదే వేళకు వస్తారు, లిఫ్టు క్యూ పెరిగిపోతుంది. పైకి వెళ్లాక ముందు పడమర వైపు చోటు పట్టుకోండి. గాలి తేటగా ఉంటే గీజా పిరమిడ్లు కనిపిస్తాయి. తర్వాత ఉత్తరానికి తిరిగి చూడండి. ఉదయం మీరు నడిచిన వీధులు, ఫ్లైఓవర్, నది రెండు పాయలుగా లంకను చుట్టుకోవడం అన్నీ అక్కడి నుంచి అర్థమవుతాయి.

## 9. మామూలుగా జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

జమాలెక్ ఫుట్‌బాల్ క్లబ్ కోసం లంకకు రావడం. పేరు జమాలెక్ అయినా ఆ క్లబ్ ఉండేది నది అవతల గీజా వైపు. లంక మీద ఉన్నది దాని ప్రత్యర్థి అల్ అహ్లీ. ట్యాక్సీ ఎక్కినప్పుడు "జమాలెక్" అని మాత్రమే అనకుండా వీధి పేరు కూడా చెప్పండి.

ఉమ్ కుల్సూమ్ మ్యూజియం ఇక్కడ వెతకడం. అది దక్షిణాన ఉన్న రోడా లంకలో, నైలు నీటిమట్టం కొలిచే పాత కట్టడం పక్కన ఉంది. దానికి వేరే పూట పెట్టుకోండి.

ఎంబసీల ఫొటోలు తీయడం. ఈ వీధుల్లో అందమైన బంగళాలు చాలావరకు ఎంబసీలే. జెండా, గార్డు గది, ఇనుప అడ్డాలు కనిపిస్తే కెమెరా దించేయండి. గార్డు పిలిస్తే వెంటనే ఆ ఫొటో డిలీట్ చేసి ఫోన్ చూపించండి. అక్కడితో అయిపోతుంది.

రోడ్డు దాటడానికి ఖాళీ కోసం ఎదురుచూడటం. అమీర్‌పేటలో రోడ్డు దాటడం అలవాటున్నవాళ్లకు ఇది కొత్త కాదు. ఒకే వేగంతో, మధ్యలో వెనక్కి అడుగు వేయకుండా నడవాలి. ధైర్యం చాలకపోతే దాటుతున్న స్థానికుల పక్కన చేరిపోండి.

ఒక్క వీధి పేరును ఒకే స్పెల్లింగ్‌తో వెతకడం. అరబిక్ పేర్లను ఇంగ్లిష్‌లో తలా ఒక రకంగా రాస్తారు. షగరత్ అల్ దుర్ వీధి దొరకకపోతే "అల్" తీసేసి, లేదా "ఎల్" పెట్టి వెతకండి.

## 10. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు వెంట ఉంటే

ఉత్తర భాగంలో మూడో, నాలుగో అడుగులు వదిలేయండి. స్టేషన్ నుంచి అబుల్ ఫిదా ఒడ్డు వరకు నడిచి, అక్కడ క్యాబ్ పిలిచి నేరుగా ఆయిషా ఫహ్మీ ప్యాలెస్‌కు వెళ్లండి. అక్కడి నుంచి మారియట్ తోట దగ్గరే. పిల్లల తోపుడు బండి తేవద్దు, ఆ ఫుట్‌పాత్‌ల మీద దాన్ని మోయడమే సరిపోతుంది.

సాయంత్రం వంతెన నడక కష్టమనుకుంటే సాదాత్‌లో రెండో లైన్ ఎక్కండి. తర్వాతి స్టేషనే ఒపెరా, ప్రాంగణం ఆ పక్కనే. మెట్లు ఎక్కలేనివాళ్లుంటే టవర్ టికెట్ కొనే ముందు లిఫ్టు ఏ అంతస్తు వరకు వెళ్తుందో, ఆపైన మెట్లు ఎన్ని ఉన్నాయో కౌంటర్‌లో అడగండి. తిరుగు ప్రయాణానికి టవర్ గేటు ముందు ఆగి ఉన్న ట్యాక్సీలతో బేరానికి దిగకుండా ఒపెరా స్టేషన్ దాకా నడవండి, లేదా ఆ దారిలో కాస్త ముందుకు వెళ్లి యాప్‌లో కారు పిలవండి.